బూట్ ఎక్కడ ఆగిందో ముందు చూడు, బిడ్డా

బిడ్డా,

సోర్సు నుంచి సొంతంగా కట్టుకున్న లినక్స్ బూట్ కావట్లేదని నీ బాధ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. లినక్స్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌ను మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తున్నావట, మధ్యల లినక్స్‌కు గుండె లాంటి కెర్నల్ కూడా తిరిగి కంపైల్ చేస్తున్నావట. జర ఆగు. అన్నీ ఒక్కసారే మారిస్తే తప్పు ఎక్కడున్నదో ఎప్పటికీ తేలదు.

పాలమూరు నుంచి మా నల్లగొండకు జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా వస్తావు కదా. కల్వకుర్తిలో బస్సు తప్పితే పాలమూరు బస్టాండులో అడిగి లాభం లేదు. బూట్ కూడా అట్లనే. మెషీన్‌లోనే ఉండే ఫర్మ్‌వేర్ గ్రబ్‌ను లేపుతుంది, గ్రబ్ కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది, కెర్నల్ రూట్ పార్టిషన్‌ను, అంటే సిస్టమ్ ఫైళ్లున్న డిస్కు భాగాన్ని, మౌంట్ చేస్తుంది (తెరుస్తుంది), ఆ తర్వాతే మొదటి ప్రోగ్రాం ఇనిట్ మొదలవుతుంది. తెర మీద చివరి లైను ఎవరు రాసిందో గుర్తుపట్టు. కెర్నల్ పానిక్, అంటే కెర్నల్ ముందుకు పోలేక ఆగిపోయిన సందేశం, కనబడిందంటే గ్రబ్ తన పని పూర్తి చేసినట్టే, దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం దండగ.

అసలు గ్రబ్ మెనూ దాకే రాకపోతే, మెషీన్ ఏ పద్ధతిలో బూట్ అవుతుందో చూడు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ సిస్టమ్ ఎక్కించి, సిస్ ఫోల్డర్ లోపల ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందా లేదా చూస్తే చాలు. ఉంటే యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి, లేకపోతే పాత బయోస్ పద్ధతి. సోర్సు నుంచి లినక్స్ కట్టడం నేర్పే లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకంలోని గ్రబ్ బయోస్ కోసం కట్టేది, యూఈఎఫ్ఐ సంగతి దాని తర్వాతి బియాండ్ పుస్తకంలో ఉంటుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. యూఈఎఫ్ఐ అయితే సంతకం లేని ప్రోగ్రామ్‌ను లేవనియ్యని సెక్యూర్ బూట్‌ను ఆపెయ్, నువ్వు కట్టిన గ్రబ్‌కు సంతకం ఉండదు. బయోస్ మీద జీపీటీ అనే కొత్త రకం పార్టిషన్ పట్టిక ఉన్న డిస్కు అయితే బయోస్ బూట్ అనే చిన్న పార్టిషన్ కావాలి, 1 ఎంబీ చాలు.

గ్రబ్ రెస్క్యూ అని ప్రాంప్ట్ వస్తే గ్రబ్ లేచింది కానీ తన మాడ్యూళ్లు (అదనపు ముక్కలు) దొరకలేదని అర్థం. ఎల్ఎస్ కొట్టి పార్టిషన్లు ఒక్కొక్కటే చూడు. బూట్ ఫోల్డర్ ఉన్న పార్టిషన్‌తో సహా దాని లోపలి గ్రబ్ ఫోల్డర్ దారిని ప్రిఫిక్స్‌గా పెట్టి, ఇన్స్‌మాడ్ నార్మల్, ఆ తర్వాత నార్మల్ అని కొట్టు. అన్ని పార్టిషన్లకూ ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్’ అంటే ఇంకో కారణం ఉండొచ్చు. డిస్కును ఫార్మాట్ చేసే ఈ2ఎఫ్‌ఎస్‌ప్రాగ్స్ 1.47 నుంచి ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ ఫార్మాట్‌లో ఒక కొత్త ఫీచర్ మామూలుగానే ఆన్ అయి వస్తుంది, దాన్ని గ్రబ్ 2.06 చదవలేదు. గ్రబ్ 2.12 కట్టుకో.

మామూలు గ్రబ్ ప్రాంప్ట్ వచ్చిందంటే సంతోషపడు. ఇక్కడ నా గట్టి సలహా: కాన్ఫిగ్ ఫైలు ముట్టకుండా ముందు చేత్తో బూట్ చెయ్. సెట్ రూట్‌తో పార్టిషన్ చెప్పు, లినక్స్ అని కొట్టి కెర్నల్ దారి, రూట్ పార్టిషన్ ఏదో చెప్పే రూట్ పారామీటర్ ఇవ్వు, తర్వాత బూట్ అను. ట్యాబ్ నొక్కితే పేర్లు అదే చూపిస్తుంది కాబట్టి అక్షరదోషాలు అక్కడికక్కడే బయటపడతాయి. డిస్కుల లెక్క 0 నుంచి, పార్టిషన్ల లెక్క 1 నుంచి. పాత గ్రబ్ లెగసీలో రెండూ 0 నుంచే, అందుకే పాత నోట్సు చూసి కొట్టకు. బూట్‌కు వేరే పార్టిషన్ పెట్టి ఉంటే దారిలో బూట్ అనే పేరు రాయొద్దు, ఆ పార్టిషన్‌కు అదే మొదలు. చేత్తో ఎక్కిన తర్వాత ఆ లైన్లనే గ్రబ్ కాన్ఫిగ్‌లో రాయి.

ఇక అందరినీ ఏడిపించేది: రూట్ మౌంట్ కాలేదని కెర్నల్ పానిక్. ఆ లైను మాత్రమే చదివి వదిలెయ్యకు, కొంచెం పైన కెర్నల్ తనకు కనబడిన పార్టిషన్ల జాబితా ఇస్తుంది. జాబితాలో నీ డిస్కే లేదా? డ్రైవర్ తప్పు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (కెర్నల్‌తో పాటే మెమరీలోకి వచ్చే తాత్కాలిక చిన్న సిస్టమ్) లేకుండా ఎక్కాలంటే నీ డిస్కుకు తగ్గ ఎన్‌వీఎంఈ లేదా ఏహెచ్‌సీఐ డ్రైవరూ, ఈఎక్స్‌టీ4 కూడా మాడ్యూళ్లుగా కాకుండా కెర్నల్‌లోనే కలిపి కట్టి ఉండాలి. మాడ్యూలు ఉండేది ఆ డిస్కు లోపలే, డిస్కు తెరవకుండా దాన్ని ఎట్ల తెస్తుంది? డిస్కు కనబడుతున్నదా? అయితే పేరో, ఫైల్‌సిస్టమ్ సపోర్టో తప్పు.

పేరు విషయంలో ఒక చిక్కు బాగా గుర్తుంచుకో. గ్రబ్‌కు సెర్చ్ కమాండ్‌లో ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ, అంటే దాని గుర్తింపు నంబరు, ఇస్తే పార్టిషన్ దొరుకుతుంది. అదే నంబరును రూట్ పారామీటర్‌లో యూయూఐడీ అని ఇస్తే, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లేని కెర్నల్‌కు అర్థం కాదు. దానికి పార్ట్‌యూయూఐడీ, అంటే పార్టిషన్ గుర్తింపు నంబరు, కావాలి. రెండూ బీఎల్‌కేఐడీ కమాండ్ చూపిస్తుంది, రెండూ వేర్వేరు నంబర్లు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి డిస్కు పేర్లు రాసినా నడుస్తుంది కానీ పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు ఆ పేర్లు మారిపోవచ్చు. నేనైతే పార్ట్‌యూయూఐడీనే రాస్తాను. సిస్టమ్ యూఎస్‌బీ డిస్కు మీద ఉంటే రూట్‌వెయిట్ అనే మాట కూడా చేర్చు, ఆ డిస్కు ఆలస్యంగా లేస్తుంది.

‘నో వర్కింగ్ ఇనిట్’ అంటే రూట్ మౌంట్ అయింది, కానీ ఇనిట్ ప్రోగ్రాం లేదు, లేదా అది నడవడానికి కావాల్సిన లైబ్రరీ లేదు. కెర్నల్ లైనులో ఇనిట్ స్థానంలో బిన్ బాష్ (మామూలు కమాండ్ షెల్) ఇచ్చి చూడు.

ఇంకో మాట. అదే ల్యాప్‌టాప్‌లో ఉబుంటు బాగానే నడుస్తుంటే రెండో గ్రబ్ ఎందుకు? ఈటీసీలో గ్రబ్ డాట్ డీ లోపలి 40 కస్టమ్ ఫైల్‌లో నీ ఎంట్రీ రాసి అప్‌డేట్ గ్రబ్ కొట్టు. పాత కెర్నల్ ఎంట్రీ తీసెయ్యకు.

ఇవన్నీ చూసినా కాకపోతే, పానిక్ తెర మొత్తం ఫోటో, రూట్ పారామీటర్ లైను, బీఎల్‌కేఐడీ చూపించింది మూడూ నాకు వాట్సాప్‌లో పంపు. రాత్రి ఎనిమిది తర్వాత ఇంట్లనే ఉంటా.

మీ పెద్దనాయన,
నల్లగొండ