కుడితి కుండ గుమ్మం పక్కనే ఉండేది

చి.సౌ. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. తడి చెత్త, పొడి చెత్త వేరుగా వెయ్యమని మీ ఆయనకు చెప్పీ చెప్పీ విసిగిపోయావు. పనమ్మాయితో మాటామాటా వచ్చింది. మీ అత్తగారు ముభావంగా ఉంటున్నారు. ఫోన్‌లో చెబితే పది నిమిషాల్లో మర్చిపోతావని రాస్తున్నాను. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందిలే.

ముందు చెప్పడం మానెయ్యి. వారం రోజులు ఎవర్నీ ఏమీ అనకుండా, ఇంట్లో ఏ చెత్త ఎక్కడ పుడుతోందో చూడు.

మన ఊరి ఇంట్లో వంటింటి వెనక గుమ్మం పక్కనే కుడితి కుండ ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ చెయ్యి చాపితే అందులోనే పడేవి. సాయంత్రానికి అది గేదె ముందుండేది. పొయ్యిలో బూడిద అంట్లు తోమే చోటికి, ఊడ్చిన ఆకులు పెంటకుప్ప మీదికి. ఇనప ముక్కలైతే పీచుమిఠాయి వాడి కోసం మేమే దాచేవాళ్ళం. మీ అమ్మమ్మ దీని గురించి మాకెప్పుడూ పాఠం చెప్పలేదు. కుండ అక్కడుంది, చెయ్యి అక్కడికి వెళ్ళింది. మరి నీ ఫ్లాట్‌లో? తడి బుట్ట బాల్కనీలో పెట్టావు. వంకాయ తొడిమ పట్టుకుని హాలు దాటి ఎవరు వెళ్తారు? సింకు కింద ఉన్న ఒక్క బుట్టలోనే అన్నీ పడతాయి.

ఈ పొరపాటు మేమూ చేశాం. హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం బుట్ట పంచారు. ఆంధ్రాలో 2021 అక్టోబర్ 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలెట్టి, ప్రమాదకరమైన చెత్తకు ఎర్రది కూడా కలిపి మూడేసి ఇచ్చారు. మా వార్డులో ఒకావిడ ఆ బుట్టలో బట్టలు నానబెట్టుకుంది. అదేంటమ్మా అంటే, "ఇంత మంచి బకెట్టు చెత్తకెందుకండీ" అంది. అప్పుడు కోపమొచ్చింది కానీ, ఆ బుట్ట ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో మేము ఒక్కరికీ చెప్పలేదు.

కాబట్టి తడి బుట్టను కూరలు తరిగే గట్టు మీదికే తెచ్చుకో. చిన్నది చాలు, మూత వద్దు. చిన్నదైతే రోజూ ఖాళీ చెయ్యక తప్పదు, కంపు కొట్టే సమస్యే రాదు. పొడి చెత్తకు మాత్రం పెద్ద సంచి కావాలి. దాన్ని యుటిలిటీ తలుపు వెనక తగిలించు. హాల్లో, పడగ్గదిలో ఒంటరిగా ఉన్న బుట్టలు తీసెయ్. ఒక్కటే ఉంటే అందులో అరటి తొక్కా పడుతుంది, కొరియర్ కవరూ పడుతుంది.

సంచి మీద 'పొడి' అని రాయకు. మీ పనమ్మాయికి తెలుగు చదవడం రాదన్నావు కదా. ఖాళీ బిస్కెట్ కవరు ఒకటి, పాల కవరు ఒకటి పిన్ను పెట్టి తగిలించు. పాల కవరంటే గుర్తొచ్చింది. మూల పూర్తిగా తెగిపోయేలా కత్తిరించకు, వేలాడేలా వదిలెయ్. ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు, కాలవలోకి పోతుంది. కవరు కడిగి, ఆ నీళ్ళు కరివేపాకు కుండీలో పోసి, కుళాయి దగ్గర క్లిప్పుకి తగిలించు. ఆరాక సంచిలోకి.

తడి చెత్తను పాలిథిన్ కవర్లో ముడేసి ఇవ్వొద్దు, అడుగున న్యూస్‌పేపర్ వెయ్యి చాలు. ఆ ముడి ఎవరు విప్పుతారో నేను చూశాను. చెత్త బండి మీద పనివాడు నిలబడి రెండు చేతులతో కవరు చింపుతాడు. ఒకరోజు మా వర్కర్ చెయ్యి అలాగే అన్నం మెతుకుల మధ్యకి పోయింది. లోపల షేవింగ్ బ్లేడుంది. బొటనవేలు ఎముక దాకా తెగింది. మందు రాస్తుంటే "ఇది మామూలే సార్" అన్నాడు. అందుకే బ్లేడులు, పాత మాత్రలు, బ్యాటరీలు ఒక ఊరగాయ సీసాలో వేసి మూత పెట్టు. బాత్రూంలో న్యూస్‌పేపర్ ముక్కలు, దారంతో కట్టిన ఎర్ర స్కెచ్ పెన్ను ఉంచు. ప్యాడ్లు, డైపర్లు చుట్టి పైన ఎర్ర చుక్క పెడితే, పొట్లం విప్పకుండానే వాళ్ళకు తెలిసిపోతుంది.

"మనం వేరు చేసిస్తే వాళ్ళు బండిలో కలిపేస్తున్నారు మావయ్యా" అన్నావు. కలిపేవాళ్ళు ఉన్నారు, కాదనను. రోజూ తడి ఒక్కటే ఇవ్వు. పొడి చెత్త వాసన రాదు కదా, ఆదివారం దాకా సంచిలోనే ఉండనీ. అట్టపెట్టెలు, సీసాలు పాత సామాన్లవాడికి వెయ్యి. బండివాడి చేతిలో ఒకటే ఉంటే ఇక కలపడానికేముంది?

మీ ఆయనతో ఈ ఉత్తరం సంగతి చెప్పకు. రాత్రి ఆయన పడుకున్నాక బుట్టలు మార్చెయ్, అంతే.

గట్టు మీద, కుళాయికి ఎడమపక్క ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలిచి పంపు. తలుపు వెనక వెడల్పు కూడా. సంచి నచ్చకపోతే ఇక్కడ మేదరి వీధిలో సన్నటి బుట్ట అల్లిస్తాను. పండక్కి వచ్చినప్పుడు తీసుకెళ్దువుగాని.

మీ మావయ్య