కోరంగి ఉప్పెన లెక్క ఎక్కడిది? చరిత్ర పాఠానికి ఆన్‌లైన్ ఆధారాలు

ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం కొత్తగా బోధిస్తున్న మీరు, చరిత్ర చదవడానికీ పిల్లలకు చెప్పడానికీ ఏ వెబ్‌సైట్లను నమ్మవచ్చునని అడిగారు. కోనసీమలోని ఒక జిల్లా పరిషత్ పాఠశాలలో చాలాకాలంగా ఇదే పాఠం చెబుతున్నవాడిగా నా పద్ధతి వివరిస్తాను. ఒక సైటు పేరున్నదా కాదా అన్నదానికంటే, అది తాను చెప్పే మాటకు మూలమైన పుటను మనకు చూపిస్తుందా లేదా అన్నదే నేను ముందుగా చూస్తాను.

1839 నవంబరులో కాకినాడ దగ్గరి కోరంగి రేవును ముంచెత్తిన ఉప్పెన గురించి వెతికి చూడండి. 3 లక్షల మంది చనిపోయారనీ, 20,000 నౌకలు, పడవలు నాశనమయ్యాయనీ ఎన్నో పేజీలు ఒకే వాక్యాన్ని అప్పజెబుతాయి. ఆ లెక్క ఎవరు కట్టారో చాలావాటిలో ఉండదు. ఆధారం చూపినవి కూడా తరచుగా మరో పేజీనే చూపిస్తాయి. 1789 నాటి ఉప్పెనతో దీన్ని కలగాపులగం చేసినవీ ఉన్నాయి. నేను ఈ అంకెలను బోర్డు మీద రాసి, నిజమని గానీ అబద్ధమని గానీ చెప్పకుండా, ఆ రోజుల్లో ఎవరు, ఎలా లెక్కపెట్టి ఉంటారని తరగతిని అడుగుతాను. తాళ్లరేవు వైపు పడవలు కట్టే చోట్లను చూసిన పిల్లలు, అన్ని నౌకలు నిలవడానికి ఎంత నీరు కావాలో తామే అంచనా వేయడం మొదలుపెడతారు. ఆధారాన్ని పరీక్షించడం గురించి ఎంత ఉపన్యాసమిచ్చినా ఆ పది నిమిషాలకు సాటి రాదు.

మన జిల్లాకు సంబంధించిన పాత పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. హెన్రీ మోరిస్ 1878లో ప్రచురించిన గోదావరి జిల్లా వర్ణన, హెమింగ్వే 1907లో కూర్చిన జిల్లా గెజెటీరు వాటిలో ముఖ్యమైనవి. అయితే ఇప్పటి ఊరిపేర్లతో వెతికితే చాలాసార్లు ఏమీ రాదు. కాకినాడను కొకనాడా అనీ, ఏలూరును ఎల్లోర్ అనీ, కోరంగిని కొరింగా అనీ ఆనాటి అధికారులు రాసుకున్నారు కనుక, ఆంగ్లంలో ఆ పాత రూపాలనే టైపు చేయాలి. ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. గెజెటీరు పాలనకు పనికివచ్చేలా రాసిన గ్రంథం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల ప్రభుత్వానికి శిస్తు ఎంత పెరిగిందో అందులో సులభంగా దొరుకుతుంది గానీ, ఆ రాళ్లు మోసిన కూలీల బతుకును మాత్రం వరుసల మధ్య వెతుక్కోవాలి. కాటన్ దొర విగ్రహం లేని ఊరు అరుదైన మన డెల్టాలో ఈ ప్రశ్న లేవనెత్తడం కొంత ఇబ్బందే అయినా, పదో తరగతి పిల్లలు దాన్ని బాగానే అందుకుంటారు.

అంతకంటే వెనక్కి వెళ్లాలంటే శాసనాలే శరణ్యం. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ప్రచురించిన దక్షిణ భారత శాసనాల సంపుటాలు కూడా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. నాలుగో సంపుటంలో ద్రాక్షారామ శాసనాలు చాలా ఉన్నాయి. భీమేశ్వరుడి ఎదుట అఖండదీపం వెలిగించడానికి గొర్రెలను దానమిచ్చిన శాసనాన్ని చదివించినప్పుడు, దీపానికీ గొర్రెకూ సంబంధమేమిటన్న ప్రశ్న తప్పక వస్తుంది. వాటిని మేపుకునే కాపరి గుడికి క్రమం తప్పకుండా నెయ్యి కొలవాలన్న ఏర్పాటు అర్థమయ్యేసరికి, దాత, కాపరి, ఆలయం ముగ్గురూ ఉన్న ఆనాటి ఆర్థిక వ్యవస్థ పిల్లల కళ్లకు కడుతుంది. శక సంవత్సరానికి 78 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుందని ముందే చెప్పి ఉంచండి.

పాఠ్యపుస్తకాల కోసం ఎన్‌సీఈఆర్‌టీ సైటు, దీక్ష పోర్టల్ చాలు. జాతీయ అభిలేఖాగారం వారి అభిలేఖ్ పటల్‌లో ప్రభుత్వ దస్త్రాలను వెతకవచ్చు. అది ఓపిక ఉన్నవారికి. వికీపీడియాను నేను నిషేధించను, వ్యాసం అడుగున ఉన్న మూలాల పట్టిక దగ్గరికి పిల్లలను నేరుగా తీసుకువెళతాను. తెలుగు వికీసోర్సు ఇంకా మేలు, ఎందుకంటే టైపు చేసిన పాఠాన్ని చాలా పుస్తకాల్లో స్కాన్ చేసిన పుటతో పోల్చి చూసుకోవచ్చు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిగిన వితంతు వివాహం గురించి చెప్పేటప్పుడు యూట్యూబ్ వీడియో వేయడం కన్నా, కందుకూరి వీరేశలింగం స్వయంగా రాసుకున్న పుటలను చదివించడం మంచిది. చాట్‌బాట్లు ఇచ్చే పుస్తకాల పేర్లను మాత్రం ఆ పుస్తకం కంటపడేదాకా నమ్మవద్దు.

మీ తరగతిలో యానాం పిల్లలుంటే ఒక అదనపు సంగతి. 1954 దాకా ఆ పట్టణం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండడం వల్ల మద్రాసు ప్రభుత్వ గ్రంథాలలో దాని ప్రస్తావన స్వల్పం. ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం నడిపే గాలికా సైటులో ఆనాటి ఫ్రెంచి ప్రచురణలు ఉన్నాయి. భాష రాకపోయినా యంత్రానువాదం సాయంతో పట్టికలను, పటాలను తరగతికి సిద్ధం చేసుకోవచ్చు.