తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడిని గీసేముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి కొరియర్‌లో పంపిన కామిక్ పేజీలు అందాయి. రెండుసార్లు చదివాను. మూడోసారి మాటలు వదిలేసి బొమ్మలే చూశాను. చెయ్యి బాగా తిరిగింది. బెసెంట్ రోడ్డు జనాన్ని గీసిన పేజీ చూసి మీ పెద్దమ్మ, "ఇది మనం చెప్పులు కొన్న కొట్టు ముందే కదూ" అంది. బొమ్మల గురించి నాకు బెంగ లేదు. కథలోనే ఒకచోట తేడా కొడుతోంది.

19వ పేజీ దాకా దేశం కోసం ప్రాణం పెట్టిన గూఢచారి 20వ పేజీలో తన ఆఫీసర్ని కాల్చేసి, పగలబడి నవ్వి, నల్లకోటు తొడుక్కుని విలన్ అయిపోయాడు. ఎందుకమ్మా అంటే "నన్ను వాడుకుని వదిలేశారు" అని ఒక బెలూన్. అంతే. విజయవాడ పాకెట్ నవలలకు కథలూ అట్టబొమ్మలూ ఇచ్చి బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, విలన్ కోపం పాఠకుడికి గుర్తుండదు. అతని పనితనం గుర్తుంటుంది. వాడు మారాడని చూపించడానికి నువ్వు నానా తంటాలు పడ్డావు. నన్నడిగితే వాడు మారనే కూడదు. చేసే పని అదే, చేసే తీరు అదే. జీతం ఇచ్చేవాడు మారతాడు.

ఒక ఉదాహరణ చెబుతా. మీ ఏజెంటు గాంధీనగర్‌లో ఏదో హోటల్‌కి వెళ్ళాడనుకో. గుమ్మం కనిపించే కుర్చీలో కూర్చుంటాడు. ఇడ్లీ చెప్పగానే, ప్లేటు రాకముందే బిల్లు కట్టేస్తాడు. ఎప్పుడు లేచి వెళ్ళాల్సి వస్తుందో తెలియదు మరి. మొదటి అధ్యాయంలో ఇది చిన్న బొమ్మగా గీయి, దాని గురించి ఎవరిచేతా మాట్లాడించకు. మధ్యలో ఇంకోసారి చూపించు, ఈసారి కొత్తగా చేరిన కుర్రాడికి నేర్పుతున్నట్టు. చివర్లో మళ్ళీ అదే హోటల్. ఎదురుగా ఇతన్ని దేవుడిలా నమ్మే ఇన్ఫార్మర్. మనవాడు ముందే బిల్లు కట్టేశాడు, ఒక్కడి బిల్లే. పాఠకుడికి ఇంకేం చెప్పక్కర్లేదు. నవ్వూ వద్దు, నల్లకోటూ వద్దు.

అమెరికా కామిక్స్‌లో ఈ బాపతు విలన్లు ఎప్పట్నుంచో ఉన్నారు. మార్వెల్ వాళ్ళ మెంటాలో 1966లో వచ్చాడు. ఎదుటివాళ్ళ మనసు చదివే శక్తి ఉన్నవాడు. షీల్డ్ అనే గూఢచార సంస్థలో పనిచేసి, ఆ సంస్థనే చేజిక్కించుకోబోయాడు. క్రాస్‌ఫైర్ అని 1979లో ఇంకొకడు. సీఐఏలో మనుషుల బుర్రలు కడిగే విద్యలో ఆరితేరి, చచ్చిపోయినట్టు నాటకమాడి, బయటికొచ్చి అదే విద్యతో సొంత దుకాణం పెట్టాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది కొలువులో ఉండగా వాడిన ఆయుధమే. వాళ్ళ ముసుగులూ డ్రెస్సులూ నాకు పెద్దగా నచ్చవు, అది వేరే సంగతి.

ఇక వాడు ద్రోహి ఎందుకయ్యాడన్న అసలు కారణం. అర్థశాస్త్రం తీసి చూడు, మొదటి అధికరణంలోనే ఉంటుంది. శత్రువు దగ్గర ఎవర్ని మనవైపు తిప్పుకోవచ్చో కౌటిల్యుడు నాలుగు రకాలుగా చెప్పాడు: కోపంతో ఉన్నవాడు, ఆశపోతు, భయపడినవాడు, అభిమానం దెబ్బతిన్న గర్విష్ఠి. నువ్వు నాలుగూ కలిపి ఒక్కడి నెత్తిన రుద్దావు. ఒకటి తీసుకో, ఇంకోదాని వాసన తగిలించు, చాలు. సీఐఏలో ఉంటూ సోవియట్లకు రహస్యాలు అమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్‌ది ఆశ. విడాకుల ఖర్చులు, అప్పులు. 1985 ఏప్రిల్లో వాషింగ్టన్‌లోని సోవియట్ ఎంబసీకి నడుచుకుంటూ వెళ్ళి 50,000 డాలర్లకు బేరం పెట్టాడు. ఎఫ్‌బీఐలో ఉంటూ అదే పని చేసిన రాబర్ట్ హాన్సెన్ డబ్బూ తీసుకున్నాడు, వజ్రాలూ తీసుకున్నాడు కానీ, అందరికంటే తానే తెలివైనవాణ్ణన్న పొగరు అతని ప్రతి అడుగులోనూ కనిపిస్తుంది. లోపలి దొంగ ఎవరో తేల్చే పని ఒకసారి అతనికే అప్పజెప్పారు. అంటే తనను తానే వెతుక్కోవాలన్నమాట! ఇలాంటిది మనం కల్పించి రాస్తే ఎడిటర్ కొట్టేసేవాడు. బ్రిటన్ గూఢచార సంస్థలో కిమ్ ఫిల్బీ మాత్రం ఈ నాలుగింట్లోనూ ఇమడడు. కమ్యూనిజాన్ని నమ్మి సోవియట్ల పక్షాన చేరాడు. 1944లో సోవియట్ గూఢచారులను పట్టే విభాగానికి అతన్నే అధిపతిని చేశారు. చివరికి 1963లో బీరూట్ నుంచి మాయమై మాస్కోలో తేలాడు. మనకూ ఉన్నాడు. మన విదేశీ గూఢచార సంస్థ 'రా' (RAW) అధికారి రబీందర్ సింగ్ నిఘాలో ఉండి కూడా 2004లో నేపాల్ మీదుగా అమెరికా చెక్కేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా.

అయితే ఏమ్స్ దొరికాడు. ఎలాగో విను, నీ కథకు పనికొస్తుంది. ఏడాదికి 70,000 డాలర్లు కూడా లేని జీతం మీద 5,40,000 డాలర్ల ఇల్లు రొక్కం పెట్టి కొన్నాడు. జాగ్వార్ కారులో ఆఫీసుకొచ్చేవాడు. ఇంత కళ్ళముందున్నా ఏళ్ళ తరబడి ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. రెండుసార్లు లై డిటెక్టర్ పరీక్ష కూడా పాసయ్యాడు. చివరికి తోటి ఉద్యోగిని ఒకామె కూర్చుని తేదీలు పక్కపక్కన పెట్టింది. ఒక సోవియట్ దౌత్యాధికారితో లంచ్‌కి వెళ్ళినట్టు ఇతనే ఆఫీసులో రాసిచ్చిన తేదీలు ఒకపక్క, బ్యాంకులో డబ్బు పడిన తేదీలు ఒకపక్క. లంచ్ అయిన వెంటనే డిపాజిట్. మళ్ళీ లంచ్, మళ్ళీ డిపాజిట్. నువ్వు విలన్ వెనక మోటారు సైకిళ్ళు పరుగెత్తించిన నాలుగు పేజీలు తీసేసి, పాస్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్న ఒక ఆడమనిషిని గీయి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంది, మళ్ళీ పెట్టుకుని అదే గీత మీద వేలు పెడుతుంది. అంతకంటే టెన్షన్ ఏముంటుంది?

ప్రకాశం బ్యారేజీ పేల్చే సీను కూడా తీసెయ్. 1957 నుంచి నిలబడ్డ 70 గేట్ల బ్యారేజీని పేల్చడానికి గూఢచారి దేనికి, నాలుగు లారీల మందుగుండు చాలు. గూఢచారి చేసే ద్రోహం ఒక పేరంత ఉంటుంది. చీటీ మీద రాసి అవతలివాడి చేతిలో పెట్టే పేరు. దిమిత్రీ పోల్యకోవ్ అని సోవియట్ సైనిక గూఢచార శాఖ జనరల్, ఢిల్లీ ఎంబసీలో కూడా పనిచేశాడు. అమెరికాకు ఇరవై ఏళ్ళకు పైగా రహస్యాలు అందించి పెద్దగా డబ్బు ముట్టలేదు. పవర్ టూల్సూ, చేపలు పట్టే సరంజామా ఇస్తే సంతోషించేవాడట. హాన్సెన్, ఏమ్స్ ఇద్దరూ ఆ పేరు చెప్పేశారు. 1988లో మరణశిక్ష వేసి ప్రాణం తీశారు. సొంత దేశం దృష్టిలో ఆయనా ద్రోహే, అది మరిచిపోకు. విభీషణుడు మనకు పుణ్యాత్ముడు, లంకలో మాత్రం ఇంటిగుట్టు చెప్పినవాడే. నీ కథలో చచ్చిపోయే ఇన్ఫార్మర్‌కి అలాంటి చిన్న ఇష్టం ఒకటి పెట్టు. ఇప్పుడు వాడు ముఖం కూడా సరిగా లేని నీడ. నీడ చస్తే ఎవరు ఏడుస్తారు?

ఆ ఇన్ఫార్మర్‌ని మీ ఊరి మిర్చి యార్డులో పెట్టు. కౌటిల్యుడి గూఢచారుల్లో వర్తకుడి వేషం వేసేవాడు ఉండనే ఉన్నాడు. తేజ రకం గుప్పెడు తీసి, పిడికిలి బిగించి తేమ చూసే కమిషన్ ఏజెంటు. టిక్కీల (మిర్చి బస్తాల) వరసల మధ్య హమాలీలు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని తిరుగుతుంటారు. ముఖాలు దాచుకోవడానికి అంతకంటే మంచి చోటేది? కొత్త ఏజెంటు లోపలికి అడుగుపెట్టగానే దగ్గుతాడు, దొరికిపోతాడు. పాతవాడు దగ్గడు. చీటీలు మార్చుకోవడానికి మాత్రం విజయవాడ రావాలి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులో, సిలబస్ మారిపోయిన ఎంసెట్ గైడులో పెడితే పదేళ్ళయినా ఎవరూ ముట్టుకోరు. ఏమ్స్ వాషింగ్టన్‌లో ఒక పోస్టు డబ్బా మీద సుద్దముక్కతో గీత గీసి కబురు పంపేవాడు. నీకు ఆ గైడు అట్ట మీద ఎర్ర పెన్సిల్ టిక్కు చాలు.

మీ ఏజెంటు ఎప్పుడు తిరగబడ్డాడన్న ప్రశ్నకు నా సలహా ఒకటే. ఏజెన్సీయే వాణ్ణి అవతలివాళ్ళ దగ్గర ద్రోహిలా నటించమని పంపిందని రాయి. రెండు వైపులా జీతం తీసుకునేవాణ్ణి ఉభయవేతనుడన్నారు అర్థశాస్త్రంలో. అలాంటివాడి పెళ్ళాం బిడ్డల్ని రాజు తన దగ్గర ఉంచుకోవాలని కూడా అక్కడే ఉంది. మీ ఆఫీసరు, "నీ కుటుంబాన్ని మేం చూసుకుంటాం" అంటాడు, ఎంతో ప్రేమగా. భార్య క్వార్టర్స్ కిటికీలోంచి చూస్తుంటుంది, గేటు దగ్గర సెంట్రీ. ఆ మాట ఓదార్పో బెదిరింపో తేల్చకు. నటన ఏ రోజున నిజమైందో వాడికీ తెలియదు, నువ్వూ చెప్పకు.

రెండు ముక్కలు పని గురించి. గుట్టు బయటపడే బొమ్మ కుడిపేజీలో ఉంటే పుస్తకం తెరవగానే కన్ను దానిమీదే పడుతుంది. పేజీ తిప్పాక వచ్చే ఎడమపేజీలో పెట్టు. బెలూన్లలో మాటలు సగానికి కొయ్యి. మనకు పైన గుడులు, కింద వత్తులు, ఇంగ్లీషులో మూడు వరసలు పట్టేచోట మనకి రెండే పడతాయి. ఇరికిస్తే 'స్త్ర' కింది వరస నెత్తిన కూర్చుంటుంది. విలన్‌కి ఎలాగూ తక్కువ మాటలే మంచివి.

12 నుంచి 20 దాకా పేజీలు మళ్ళీ గీసి పంపు. ఇంకు వెయ్యకు, పెన్సిల్ మీదే పంపు, మార్పులుంటే పక్కన రాసిస్తాను. హోటల్ సీను మూడుసార్లూ ఒకే కోణంలో ఉండాలి, కుర్చీ కూడా మారకూడదు. మీ అమ్మానాన్నల్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న
సత్యనారాయణపురం, విజయవాడ