మార్ఫాలో ఇల్లు కొనాలనుకుంటున్న మేనకోడలికి

చి.ల.సౌ. శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. అమ్మకానికి తీసినవి కదా, అన్నీ సాయంత్రపు ఎండలోనే ఉన్నాయి. ఇల్లు అందంగా ఉంది, కాదనను. పశ్చిమ టెక్సస్‌లో పాత కట్టడాలు తనిఖీ చేసి బతికినవాణ్ణి కాబట్టి నన్ను అడిగావు. ఉన్నదున్నట్టు రాస్తాను, ఏమనుకోకు.

మార్ఫాలో ఇల్లు ఉండడానికి కొనుక్కోండి. పెట్టుబడి అని మాత్రం కొనకండి. 2020 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో ఉన్నది 1,788 మంది. శిల్పి డొనాల్డ్ జడ్ 1970ల మొదట్లో న్యూయార్క్ వదిలి అక్కడ చేరి, పాత సైనిక స్థావరంలో చినాటి ఫౌండేషన్ అనే కళా మ్యూజియం పెట్టకపోయి ఉంటే ఈ రోజు ఆ ఎడారి ఊరి పేరు మీకు తెలిసేదే కాదు. ధర పలికేది ఆ పేరే. ప్రాడా మార్ఫా అనే దుకాణం ఆకారపు కళాకృతి ముందు ఫోటోలు దిగే జనం (అది మార్ఫాలో లేనేలేదు, వాలెంటైన్ అనే ఊరి దగ్గర ఉంది) ఆదివారం సాయంత్రానికి సర్దుకుని వెళ్లిపోతారు. నువ్వు అమ్మాలనుకున్న రోజున ఇంత డబ్బు పెట్టేవాడు ఒక్కడైనా ఆ ఊరు రావాలి కదా? డాలస్ పక్కన ఫ్రిస్కోలో బోర్డు పెట్టిన వారానికే ఇల్లు అమ్ముడుపోవడం చూసినవాళ్లకు ఈ సంగతి తట్టదు.

ధర నిజమా కాదా తేల్చుకోవడమూ కష్టమే. టెక్సస్‌లో అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పాలన్న నిబంధన లేదు. ఇక వెబ్‌సైట్లు చూపించే అంచనాలు కాకిలెక్కలే. చుట్టుపక్కల పోల్చడానికి ఇళ్లు దొరకక బ్యాంకు అప్రైజల్ (ఇంటికి వాళ్లు కట్టించే విలువ) తక్కువ వస్తే, ఆ తేడా మీ జేబులోంచే కట్టాలి. అందుకే ఆఫర్ పెట్టేముందే లోన్ వాళ్లతో తేల్చుకోండి. మట్టి ఇల్లు అని మొదటి ఫోన్‌లోనే చెప్పండి, ఆఖర్న చెబితే లాభం లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అది అడోబీ ఇల్లు. కాల్చని పచ్చి ఇటుక, మట్టీ గడ్డీ కలిపి ఎండబెట్టింది. మన అనంతపురం వైపు మట్టి మిద్దెలు చూశావు కదా, స్వభావం అదే. పొడిగా ఉన్నంతకాలం వందేళ్లైనా నిలుస్తుంది, చెమ్మ చేరితే కూలుతుంది. చాలా ఇళ్లకు తర్వాత ఎవరో గట్టిగా ఉంటుందని సిమెంటు గార పూశారు. మట్టి పీల్చిన చెమ్మ ఆ సిమెంటు దాటి బయటికి రాలేక గోడలోనే ఉండిపోతుంది. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల ఇటుక బురదై జారుతుంటుంది.

కాబట్టి వంటగదీ స్నానాలగదీ తర్వాత చూడొచ్చు, ముందు గోడ అడుగు చూడు. నేల నుంచి మోకాలి ఎత్తు వరకు వేలి కణుపుతో తడుతూ ఇల్లంతా చుట్టిరా. డొల్లగా మోగిన చోట సుద్దముక్కతో గీత పెట్టు. తెల్లటి ఉప్పు పూత, ఉబ్బిన రంగు, ఊడుతున్న పెచ్చులు కనిపిస్తే ఫోటో తియ్యి. తర్వాత పైకప్పు. పిట్టగోడ అంచున బీటలున్నాయా, నీళ్లు పోయే తూములు గోడకు ఎంత దూరంలో పడేస్తున్నాయి చూడాలి. ఎడారి అంటే వాన లేదనుకోకు, జూలై నుంచి సెప్టెంబరు దాకా కుండపోతగా కురిసే రోజులుంటాయి. వీలైతే అలాంటి వాన మర్నాడు వెళ్లి చూడు. అడోబీ పని నిజంగా తెలిసిన మేస్త్రీలు కొద్దిమందే, వాళ్ల కోసం నెలల తరబడి కాచుకోవాలి. రిపేరు ఖర్చు తడిసి మోపెడవుతుంది. సున్నం గార వెయ్యగలవాణ్ణే పిలవండి. సిమెంటు మీద సిమెంటు పూస్తానన్నవాణ్ణి గుమ్మంలోనే పంపించెయ్యండి.

పన్ను మాట. 2017లో, మార్ఫా ఉన్న ప్రెసిడియో కౌంటీలో పన్ను కోసం ఇళ్లకు విలువ కట్టేవాళ్లు అడోబీ ఇళ్లను వేరే తరగతిలో పెట్టి విలువ పెంచారు. తాతల నాటి ఇళ్లలో ఉంటున్న మెక్సికన్ కుటుంబాలు దానివల్ల నలిగిపోయాయి. మన డబ్బు కూడా ఆ ధరల్ని ఇంకా పైకి తోస్తుందని గుర్తుంచుకుంటే మంచిది. మీది రెండో ఇల్లు కాబట్టి, సొంత నివాసానికిచ్చే 1,40,000 డాలర్ల స్కూల్ టాక్స్ మినహాయింపు రాదు. ఏడాదికి 10 శాతం మించి విలువ పెంచకూడదన్న రక్షణా ఉండదు. వారాంతాల్లో అద్దెకిచ్చి పన్ను రాబడతాం అంటున్నాడు అల్లుడు. అద్దె మీద రాష్ట్రానికి 6 శాతం హోటల్ పన్ను, ఊరిది వేరే. దుప్పట్లు మార్చే మనిషిని డాలస్ నుంచి ఫోన్లో వెతుక్కునే టెన్షన్ కూడా లెక్కలో వేసుకోమను.

దూరం మీకు తెలిసిందే, డాలస్ నుంచి కారులో ఎనిమిది గంటలు. విమానమైనా ఎల్ పాసోలోనో మిడ్‌లాండ్‌లోనో దిగి ఇంకో మూడు గంటలు నడపాలి. ఆసుపత్రి 26 మైళ్ల అవతల ఆల్పైన్‌లో ఉంది, పెద్ద జబ్బైతే అక్కడినుంచీ కదలాల్సిందే. ఊరు 4,685 అడుగుల ఎత్తున, మన హార్స్‌లీ హిల్స్ కన్నా పైన ఉంటుంది. శీతాకాలం రాత్రుళ్లు నీళ్లు గడ్డకడతాయి. విజిటర్ వీసా మీద వచ్చే మీ అత్తగారినీ మామగారినీ అక్కడ దింపి మీరు ఆఫీసుకు వెనక్కి రావడం మాత్రం కుదరదు.

ఊరి బయట ఎకరాలు కూడా చూపిస్తున్నారని రాశావు. దాని జోలికి పోకపోతేనే నాకు నిశ్చింత. టెక్సస్‌లో భూమి పైన హక్కు ఒకరిది, కింద ఖనిజాల హక్కు ఇంకొకరిది కావచ్చు. కిందవాడికే బలం ఎక్కువ. బోరు ఎంత లోతు, నీళ్లు ఎన్ని, దారి హక్కు రాతపూర్వకంగా ఉందా, ఈ మూడూ కాగితం మీద చూపించకపోతే లేచి వచ్చెయ్యండి. 2011 ఏప్రిల్‌లో మార్ఫా దగ్గర అంటుకున్న మంట ఫోర్ట్ డేవిస్ దాకా పాకి ఇళ్లు కాల్చింది. బీమా కంపెనీ ఏమంటుందో ముందే అడగండి.

ఇంత చెప్పినా మీ మనసు అక్కడే ఉంటే నేను అడ్డుపడను. ఆ రాత్రి ఆకాశం నాకూ తెలుసు. ఒప్పందంలో ఆప్షన్ పీరియడ్ మామూలుగా వారం పది రోజులిస్తారు. మీరు మూడు వారాలు అడగండి, ఇన్‌స్పెక్టర్ ఎక్కడినుంచో రావాలి కదా. ఆ గడువులో ఏ కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు, పోయేది ఆప్షన్ ఫీజు మాత్రమే. టైటిల్ కాగితాలూ సర్వే పటమూ రాగానే నాకు పంపు. ఆ వారం నేనూ వస్తాను. స్క్రూడ్రైవరూ సుద్దముక్కా నేను తెస్తాను, నిచ్చెన మీరు చూడండి. కప్పు మీదికి అల్లుడే ఎక్కాలి, నా మోకాళ్లు ఒప్పుకోవు.

ఇట్లు,
మీ మామయ్య