ఎలపట, దాపట ఎవరి లెక్కన?

ప్రశ్న: మా నాయిన బత్తాయి తోటల జారి అరచెయ్యి ఆనించి పడ్డడు. రిపోర్టుల ‘లెఫ్ట్ డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్, డార్సల్ డిస్‌ప్లేస్‌మెంట్’ అని రాసిన్రు. ఆపరేషన్‌కు ముందు ఛాతి ఎక్స్‌రే కూడ తీసిన్రు. వెలుతురుకు పెట్టి చూస్తే గుండె కుడిపక్కకు కనబడుతున్నది. ఫిల్ము మారిందని మా చిన్నాయన ఒకటే లొల్లి. ఏంది సార్ ఇది?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ముందు మీ చిన్నాయనను నిమ్మళంగ కూసోమను బిడ్డా. అరక కట్టిన మనిషే అయితే ఎలపటెద్దు (కుడిపక్కది) ఏది, దాపటెద్దు (ఎడమపక్కది) ఏది అని అడుగు, తడుముకోకుండ చెప్తడు. అరక తోలేటోడు ఎడ్ల వెనక నడుస్తడు గనుక ఆయన కుడి, వాటి కుడి ఒక్కటే. డాక్టరు రోగికి ఎదురుగ నిలబడతడు, తిరకాసంతా అక్కడే. అందుకే వైద్యంలో కుడి ఎడమలు ఎప్పుడూ రోగివే, చూసేటోనివి కావు. ఛాతి ఫిల్మును కూడ రోగి మనకు ఎదురుగ ఉన్నట్టే పట్టుకుంటరు. మీ నాయిన ఎడమ నీ కుడిచేతి దిక్కు వస్తది, గుండె కూడ అటే. ఎంబీబీఎస్ మొదటేడు నేను కూడ కాలేయాన్ని తప్పు దిక్కున చూపించి అందరి ముందు తిట్లు తిన్న.

ఇగ చెయ్యి సంగతి. డిస్టల్ అంటే కొస. కొమ్మకు ఉన్నట్టే చేతికి భుజం మొదలు, వేళ్లు కొస. రేడియస్ అంటే ముంజేతిలో బొటనవేలి పక్క ఎముక, తెలుగు మీడియంలో రత్ని. చిటికెనవేలి పక్కది అల్నా, అరత్ని. అంటే మీ నాయినకు ఎడమ మణికట్టు కాడ, బొటనవేలి పక్కన ఇరిగింది.

బొటనవేలి పక్కను మేము లేటరల్, అంటే బయటి పక్క అంటం. చెయ్యి వేలాడేసి చూస్కో, బొటనవేలు ముందుకే ఉంటది గని బయటికి ఉండదు. అరచెయ్యి వెనక్కి తిప్పితే రత్ని పోయి అరత్ని మీద అడ్డం పడతది. ఇట్ల తిరిగేదానికి పేరెట్ల పెట్టాలె? అందుకే లోకమంతా ఒక నిలుపు ఖాయం చేసుకున్నరు: నిటారుగ నిలబడి, చేతులు పక్కలకు, అరచేతులు ముందుకు. అప్పుడు బొటనవేలు బయటికి పోతది. రోగి బోర్ల పండుకున్నా పేర్లు ఈ నిలుపు లెక్కనే.

డార్సల్ అంటే వీపు దిక్కు. చేతికైతే అరచేతికి అవతలి పక్క. అరచెయ్యి ఆనించి పడితే ఇరిగిన కొస ముక్క ఎక్కువగ అటే జరుగుతది, పక్కనుంచి చూస్తే బోర్లేసిన ఫోర్కు లెక్క వంపు. డబ్లిన్ సర్జన్ అబ్రహాం కాలిస్ 1814లోనే, ఎక్స్‌రేలు లేని కాలంలో, దీన్ని వర్ణించిండు.

మర్రిగూడ దిక్కు పెద్దోళ్ల ముంజేతి ఫిల్ము చేతికొస్తే మాత్రం నా కన్ను ముందు ఆ రెండెముకల నడుమ పొర మీదికే పోతది. ఏండ్లకేండ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగినోళ్లకు ఆ పొరకు సున్నం పట్టి తెల్లగ కనబడతది.

ఇగ ఆ ఛాతి ఫిల్ము మూలకు ‘ఎల్’ (లెఫ్ట్, ఎడమ) గని ‘ఆర్’ (రైట్, కుడి) గని అక్షరం ఉంటది. ‘ఎల్’ నీ కుడిచేతి దిక్కు, ‘ఆర్’ ఎడమచేతి దిక్కు వచ్చేటట్టు పట్టుకొని మీ చిన్నాయనకు చూపించు.