పాత స్టేషన్ గోడ మీద బొగ్గు గీతలు

మీ ఊళ్లో పాత రైల్వే స్టేషన్‌ను కూల్చేశారా, కూల్చకముందు అది ఎలా ఉండేదో గుర్తుందా అని అడిగారు. గుర్తుంది. నేను పెరిగింది ఆ స్టేషన్ వెనకాల క్వార్టర్‌లోనే. మా నాయన అక్కడ పాయింట్స్‌మ్యాన్, అంటే బండ్లకు పట్టాలు మార్చే మనిషి. మహబూబ్‌నగర్ నుంచి గద్వాల వెళ్లే లైనులో, దేవరకద్ర దాటాక, కృష్ణ వంతెన రాకముందు తగిలే చిన్న స్టేషన్లలో అదొకటి. పేరు మాత్రం రాయను. రాస్తే మా చిన్నాయన కొడుకులు ఫోన్ చేసి వేపచెట్టు ఆ పక్క కాదు, ఈ పక్క అని వాదనకు దిగుతారు.

కట్టడంగా చూస్తే అందులో గొప్పేమీ లేదు. 1916 నాటి కాచిగూడ స్టేషన్‌కున్న గుమ్మటాలూ మినార్లూ మా దగ్గర ఎందుకుంటాయి? డంగు సున్నంతో కట్టిన రాతి గోడలు, కింద షాబాదు బండలు, ముందు ఒక వరండా, స్టేషన్ మాస్టర్ గది, టికెట్ కిటికీ, మూడు పక్కలా గోడలున్న ఒక సావడి. అంతే. వరండా దూలానికి మూరెడు రైలు పట్టా ముక్క వేలాడుతూ ఉండేది. అదే మా గంట. అవతలి స్టేషన్‌లో బండి బయలుదేరిందని తెలియగానే నాయన ఇనుప కడ్డీతో దాన్ని కొట్టేవాడు. ఆ మోత విని ఊళ్లో జనం చెప్పులు వేసుకుని బయలుదేరినా బండి అందేది.

అప్పట్లో మాది మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం ఒక మీటరే. పైగా ఒకటే లైను. రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. అందుకు టోకెన్ పద్ధతి. మాస్టర్ గదిలో ఎర్రటి యంత్రం ఉండేది. అవతలి మాస్టర్ ఒప్పుకుంటే తప్ప దాంట్లోంచి ఇనుప బంతి బయటికి రాదు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, సంచిని పెద్ద బెత్తపు చక్రానికి కట్టి డ్రైవర్‌కు ఇవ్వాలి. అది చేతిలో లేకుండా డ్రైవర్ బండి కదిలించడు. ఆగని బండికి అందించడమే అసలు విద్య. నాయన చక్రాన్ని పైకెత్తి పట్టుకుని, పట్టాలకు చేరువగా, ఒళ్లు కాస్త వెనక్కి వాల్చి నిలబడేవాడు. ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్ మెట్ల మీద నిలబడి మోచేతిని చక్రంలోకి దూర్చి లాక్కుని, తన దగ్గరున్న పాత చక్రాన్ని కిందికి విసిరేవాడు. అది బండల మీద దొర్లుతూ పోతుంటే తెచ్చివ్వడం నా పని. మా అమ్మకు ఇది తెలిసి నాకు రెండు తగిలాయి, నాయనకు మాటలు తగిలాయి.

వానాకాలం రాత్రుళ్లలో మా అవ్వ బండి అవతలికి చేరిందన్న కబురు కోసమే మేలుకుని ఉండేది. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది, వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రిగా ఉన్న లాల్ బహదూర్ శాస్త్రి అప్పుడే రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర మరో రైలు ప్రమాదం జరిగాక రెండోసారి ఇస్తే ఆమోదించారు. మా అవ్వకు శాస్త్రి సంగతి తెలియదు. వాన పడే రాత్రి బండి దాటిపోతే, అవతలి స్టేషన్‌కు చేరిందని మాస్టర్ గదిలో గంట మోగేదాకా ఆమె పడుకోదని మాత్రం నాకు తెలుసు. క్వార్టర్ గోడకు చెవి పెట్టి కూర్చునేది.

దీపావళి దాటాక కురుమూర్తి జాతర రోజుల్లో స్టేషన్ అంతా పండగే. స్వామి పాదుకలను ఊరేగించే ఉద్దాల ఉత్సవం నాడు రైలు డబ్బాల కప్పుల మీద కూడా మనుషులుండేవారు. దాని గురించి రాస్తూ పోతే ఇంకో సమాధానం అవుతుంది, వదిలేస్తాను.

నేను చెప్పాలనుకున్నది సావడి సంగతి. ఆ స్టేషన్‌ను ఎక్కువగా వాడుకున్నది టికెట్ కొని చుట్టాల ఇళ్లకు వెళ్లే మాలాంటి వాళ్లు కాదు, వలస కూలీలు. పాలమూరు కూలీలంటే దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా ఉండేవాళ్లే. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పులకు పోగా, ఇంటికి ముసలివాళ్లను కాపలా పెట్టి బయలుదేరేవారు. బండి తెల్లవారుజామున అయినా ముందురోజు సాయంత్రమే సావడి నిండేది. తట్టలు, పారలు, జొన్న రొట్టెల మూటలు, తల్లుల ఒళ్లో పసిపిల్లలు. కాచిగూడ దాకా చిన్న పట్టాల మీద, ఆ తర్వాత పెద్ద పట్టాల బండి పట్టుకుని ఎక్కడికో.

మేస్త్రీ మనుషుల్ని లెక్క పెట్టుకోవడానికి పొయ్యిలోని బొగ్గు ముక్క తీసుకుని సావడి గోడ మీద మనిషికో గీత గీసేవాడు. పిల్లలకు పొట్టి గీత. పక్కన తనకు మాత్రమే తెలిసే ఏదో గుర్తు, చేప లాగానో నాగలి లాగానో. ఎండాకాలం చివర తిరిగొచ్చాక అదే గోడ దగ్గర నిలబెట్టి, వచ్చినవాళ్ల గీతలకు అడ్డంగా మరో గీత కొట్టేవాడు. ఏటా సున్నం వేయించేవారు. పని సరిగ్గా జరగలేదని నాయనకు చివాట్లు కూడా పడేవి, ఎందుకంటే వానకు సున్నం తడిస్తే కింది గీతలు బూడిద రంగులో పైకి కనిపించేవి.

1992లో దేశమంతా ఒకే గేజ్ అన్నారు. కొన్నేళ్లకు మా లైనూ మారింది. ఒక మీటరున్న పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లయింది, బండ్లు వేగంగా వెళ్లాయి, సిగ్నల్ చెయ్యి పోయి రంగు దీపాలు వచ్చాయి. మంచిదే, మీటర్ గేజ్ కాలం స్వర్గమని నేను అనను. రాత్రి ఎనిమిదింటి బండి తెల్లారి రావడం నాకు బాగా గుర్తుంది. కానీ ప్లాట్‌ఫాం ఎత్తు పెంచేసరికి పాత కట్టడం గుంటలో పడ్డట్టయింది. మొదటి వానకే మాస్టర్ గదిలోకి నీళ్లొచ్చాయి. పక్కన కొత్తది కట్టి, పాతదాన్ని సిమెంటు బస్తాలు పెట్టుకోవడానికి వాడారు. తర్వాత మేకలు వాడుకున్నాయి.

కూల్చిన రోజు నేను అనుకోకుండా అక్కడున్నాను, పొలం రిజిస్ట్రేషన్ పని మీద ఊరికి వెళ్లి. మధ్యాహ్నానికి కప్పు లేదు. డంగు సున్నం గోడ అంత తేలిగ్గా పడలేదు, యంత్రం నడిపే కుర్రవాడు తిట్టుకున్నాడు. సావడి గోడ పడ్డాక దగ్గరికి వెళ్లి చూశాను. సున్నం పెచ్చులు అరచేతి మందాన ఊడాయి. ఏళ్ల తరబడి వేసిన పూతలు పొరలు పొరలుగా ఉన్నాయి, జొన్న రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ఒక పొరను గోటితో లేపితే కింద గీతలు. ఇంకో పొర లేపితే మళ్లీ గీతలు, వేరే మేస్త్రీవి, వేరే ఏడాదివి.

ఒక పెచ్చు జేబురుమాలులో చుట్టి తెచ్చుకున్నాను. రైల్వే సొత్తే, ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాను. దాని మీద ఆరు గీతలున్నాయి. నాలుగింటికి అడ్డం కొట్టి ఉంది. రెండింటికి లేదు, అందులో ఒకటి పొట్టిది.

నాయనకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. పెచ్చును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వేలితో ఒక్కో గీతా తడిమాడు. ఈ రెండూ ఏమిటని అడిగాను.

“బస్సులో వచ్చి ఉంటారు” అన్నాడు.

కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, వరండాలోని పట్టా ముక్కను ఎవరు తీసుకెళ్లారని అడిగాడు. చూడలేదని చెప్పాను.