ప్రధాని పదవి దక్కని బ్రిటన్ నాయకుల్లో మీకు బాగా నచ్చినవారు ఎవరు, ఎందుకు?

కెన్ క్లార్క్. ఇందులో నాకు తడుముకోవాల్సిందేమీ లేదు.

మేం నాటింగ్‌హామ్ పక్కన వెస్ట్ బ్రిడ్జ్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఆయనే మా ఎంపీ. నియోజకవర్గం పేరు రష్‌క్లిఫ్. 1970 నుంచి 2019 దాకా అదే సీటు, అదే కన్జర్వేటివ్ పార్టీ. ప్రధానులు థాచర్, మేజర్, కామెరాన్ ముగ్గురి దగ్గరా మంత్రిగా చేశారు. ఆరోగ్యం, విద్య, హోం, ఆర్థికం, న్యాయం, ఇన్ని శాఖలు చూసినవాళ్లు అక్కడ కూడా అరుదు. 1997లో ప్రభుత్వం ఓడిపోయాక ఆర్థిక మంత్రిగా వచ్చిన లేబర్ పార్టీ గోర్డన్ బ్రౌన్ మొదటి రెండేళ్లూ ఈయన వేసిన ఖర్చుల లెక్కకే కట్టుబడ్డారంటే, పని ఎంత కుదురుగా చేశారో చూడండి. అన్నీ మెచ్చుకోవాలని కాదు. కలుషిత రక్తం వల్ల వేలమంది జబ్బుపడిన ఉదంతంలో, 1983లో జూనియర్ ఆరోగ్య మంత్రిగా ఆయన అన్న మాటల్ని 2024 విచారణ నివేదిక తప్పుపట్టింది, అది న్యాయమే.

మూడుసార్లు (1997, 2001, 2005) పార్టీ నాయకత్వానికి పోటీచేసి ఓడారు. కారణం యూరప్. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలనేది ఆయన మాట, పార్టీలో చాలామందికి అది గిట్టదు. ఆ ఒక్క విషయంలో కాస్త మెత్తబడి ఉంటే ప్రధాని అయ్యేవారని నా గట్టి నమ్మకం. మెత్తబడలేదు. 2017 ఫిబ్రవరిలో బ్రెగ్జిట్ మొదలుపెట్టే బిల్లు వచ్చినప్పుడు, కన్జర్వేటివ్ ఎంపీల్లో వ్యతిరేకంగా ఓటేసింది ఆయనొక్కరే.

ఆ జూన్‌లోనే ఎన్నికలు. అక్కడ నా మొదటి ఓటు అదే, అదీ భారత పాస్‌పోర్టుతోనే. కామన్వెల్త్ దేశాల వాళ్లం అక్కడ నివాసముంటే ఓటెయ్యొచ్చు, మనవాళ్లలో చాలామంది ఈ సంగతి పట్టించుకోరు, వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఇక్కడి పార్టీల కోసం తెల్లవార్లూ కొట్టుకుంటారు. పోలింగ్ గదిలో ఒక బల్ల, ఇద్దరు మనుషులు, అంతే. పేరు, అడ్రసు చెప్పమన్నారు. కార్డేదీ అడగలేదు (ఇప్పుడు అడుగుతున్నారు). "ఐడీ వద్దా అండీ?" అని నేనే అడిగాను. ఆవిడ నవ్వి జాబితాలో నా పేరు మీద స్కేలు పెట్టి గీత గీసింది. వేలికి సిరా లేదు, దారం కట్టిన పెన్సిలొకటి వేలాడుతోంది. పెన్సిల్‌తో వేస్తే ఎవరైనా చెరిపేస్తే ఎలాగని మా ఆయనకు ఒకటే టెన్షన్. నేను మాత్రం క్లార్క్ పేరు ఎదురుగా గట్టిగా ఒత్తి ఇంటూ పెట్టాను. ఆయన పార్టీ మీద నాకు పెద్ద ప్రేమ లేదు, ఆ మనిషి కోసమే వేశాను.

2019 సెప్టెంబరు 3 రాత్రి, ఒప్పందం లేకుండా యూరప్ నుంచి బయటపడకుండా ఆపడానికి 21 మంది కన్జర్వేటివ్‌లు సొంత ప్రభుత్వానికి ఎదురు ఓటేశారు. వాళ్లలో క్లార్క్ ఒకరు. అప్పటికి సభలో అందరికంటే సీనియర్ ఆయనే, అయినా పార్టీ బృందం నుంచి తీసేశారు. కానీ సీటు పోలేదు. ఎన్నికల దాకా ఎంపీగానే ఉన్నారు. మరుసటి ఏడాది ప్రభువుల సభకు (అక్కడి ఎగువ సభ) వెళ్లారు.

అదే మన దగ్గరైతే? 1985లో రాజ్యాంగంలోకి తెచ్చిన పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం విప్, అంటే పార్టీ ఆదేశం, ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వమే పోతుంది. అందుకే మన ఎంపీలు నోరెత్తరు, ఎత్తలేరు. పోనీ కండువాలు మార్చడం ఆగిందా అంటే అదీ లేదు. తెలంగాణలో ఫిరాయింపు పిటిషన్లు మూడు నెలల్లో తేల్చమని 2025లో సుప్రీంకోర్టే స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. పార్టీ మారినవాడు దర్జాగా తిరుగుతాడు, బిల్లు నచ్చలేదన్నవాడికి మాత్రం శిక్ష. అవిశ్వాస తీర్మానం లాంటి బలపరీక్షల్లో తప్ప, మిగతా బిల్లులకు ఎంపీని తన బుద్ధికి తోచినట్టు ఓటెయ్యనివ్వాలి. 1990లోనే ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ దాదాపు ఇదే సిఫార్సు చేసింది, ఇన్నేళ్లలో ఏ ప్రభుత్వమూ అమలు చెయ్యలేదు.